శ్రీకూర్మయాత్ర

మొన్న సెలవులలో మేము సకుటుంబముగా శ్రీకాకుళమునుండి బస్సులో శ్రీకూర్మమునకు బోయితిమి. శ్వేతపుష్కరిణిలో కాళ్లు గడిగికొని, రెండు ధ్వజస్తంభములకును మ్రొక్కి, పడమటిముఖముగా నున్న కూర్మనాథుని దర్శించితిమి.

మందరగిరిని మోసిన స్వామి కథ విని మా పండ్రెండేండ్ల పిల్ల, "అమ్మా, స్వామికి మోయుట నేర్పిన గురువెవ్వరు?" అని యడిగినది. మేము నవ్వితిమి గాని లోన చివుక్కుమన్నది. వ్యాయామశాలలో బరువులెత్తుట నేర్చుకొందునని యది కోరగా, "ఆడుపిల్ల కేల?" యని మేమే వారించి యుంటిమి.

సోదరీమణులారా, ఈ సీమయే దాని ప్రశ్నకు బదులు చెప్పుచున్నది. వీరఘట్టమున 1882లో జన్మించిన కోడి రామమూర్తిగారు మహాబలులయ్యును, మదరాసు సైదాపేటలో శిక్షణము పొందిన పిదపనే విజయనగరమున వ్యాయామోపాధ్యాయులైరి. బలము వేఱు, దానిని నేర్పు విద్య వేఱు. ఆమదాలవలస చెంతనున్న ఊసవానిపేటలో కరణం మల్లేశ్వరిగారు నీలంశెట్టి అప్పన్నగారియొద్ద నభ్యసించిరి. స్త్రీల బరువులెత్తు పోటీలు ఒలింపిక్సులో మొదటిసారి జరిగిన 2000 సంవత్సరమున, సిడ్నీలో, 69 కిలోల తరగతియందు 110, 130, వెరసి 240 కిలోలెత్తి కంచుపతకము గొనిరి. ఒలింపిక్సు పతకము గొన్న తొలి భారతస్త్రీ వీరే.

నడుము వంపక, మోకాళ్లు వంచి, కాళ్ల సత్తువతో లేపవలెనని చెప్పు గురువు లేనిచో బరువు మేలు చేయదు, కీడే చేయును. నీళ్లబిందె లెత్తు మనకును నిది తెలియదగినదే.

గుడిలోని నక్షత్రపు తాబేళ్లను జూచుచున్న పిల్లతో, "నేర్పువారు తగిన శిక్షణము పొందినవారేనా యని మొదట విచారింతము, పిమ్మట నీవు చేరవచ్చును" అంటిమి. తిరుగుదారిలో మా సంచి నదియే మోసినది.