ఆరని దీపములు

తెలుగిండ్లలో దీపము ఆరినదని చెప్పుట ఆచారము కాదు, కొండెక్కినదని చెప్పుదురు. ఆరుట యను మాటలో నమంగళము స్ఫురించునని పెద్దల భయము. విద్యుద్దీపములు వచ్చిన పిదప హైదరాబాదు నగరవాసు లీ చిక్కును సులభముగా దాటిరి. వారు దీపమును బందు చేయుదురు. కొండెక్కిన దీపము తనంత తాను వెలుగదు. బందు చేసిన దీపము మాత్ర మీ నడుమ మన మాట వినుట మానుచున్నది. పండుగ వెళ్లిన తరువాత బాల్కనీలోని దీపమాలిక బందు కాకపోవుట యెంత సంగతి యని చదువరులు నవ్వవచ్చును. ఆ చిన్న సంగతిలో ప్రాణభయమును గృహధర్మమును గూడ నిమిడి యున్నవని మా తలంపు.

మేము మూసాపేట నివాసులము. 1998లో మాదాపూరున సైబర్ టవర్సు వెలసినది మొద లీ పేటలోని పాత యిండ్ల నడుమ అంతస్తుల మేడలు మొలచుచు వచ్చినవి. 2017లో మెట్రో రైలు వచ్చెను. 2022లో కైతలాపూరు వంతెన తెరచిన పిమ్మట హైటెక్ సిటీకి దారి మరింత దగ్గరయ్యెను. పగలెల్ల యంత్రములకు ఆజ్ఞలు వ్రాయువారు కాపురముండు పేటలో ఇంటి స్విచ్చులకు గూడ ఆజ్ఞలు వ్రాయుట వింత కాదు. మా కుమారుడును బాల్కనీ దీపములకు ఫోనుతో నడుచు స్విచ్చులు పెట్టించెను. ట్రూప్ బజారునుండి సీరియల్ సెట్లు తెచ్చి, యొకదానిని పాత బోర్డు స్విచ్చికిని, తక్కిన మూటిని హాలులోని క్రొత్త స్విచ్చికిని తగిలించెను. 2025 అక్టోబరు 20వ తేదీ దీపావళి నాడు మాలికలన్నియు కన్నుల పండువుగా వెలిగెను.

మూడు దినములైన పిదప నొక రాత్రి వానికి ఆఫీసులో పని యుండెను. బాల్కనీ వెలుగు కిటికీగుండ మీద పడుచుండుటచే మా తల్లిగారికి నిద్ర పట్టలేదు. ఆమె మనుమనికి ఫోను చేసెను.

“బిడ్డా, లైట్లు బంద్ చెయ్యి. నిద్ర వస్తలేదు.”

“బంద్ చేసిన నానమ్మా. ఫోన్ల బంద్ అనే చూపిస్తున్నది.”

“నీ ఫోన్ల బంద్ అయిందేమో గని, మన బాల్కనీల వెలుగుతనే ఉన్నయి.”

ఇరువురును సత్యమే పలికిరి. కాని దీపము ముందర నిలిచినవారి కన్నులకును, ఎనిమిది మైళ్ల దూరముననో యెదుటి గదిలోనో నున్న తెరకును వివాదము వచ్చినప్పుడు దేనిని నమ్మవలెను? “తెర అబద్ధమాడదు” అను నొక క్రొత్త మూఢవిశ్వాసము చదువుకొన్న యిండ్లలో ప్రబలుచున్నది. తెర చెప్పునది చాలమట్టుకు స్విచ్చికి చేరిన యాజ్ఞను గూర్చి మాత్రమే. దీపమును చూచు కన్ను దానికి లేదు. “బందు కమ్మని చెప్పితిని” అనుటకును “బందయినది” అనుటకును భేదము కలదు.

మరునాటి యుదయమున ఇంటిపనికి వచ్చు నామె తడిగుడ్డతో బాల్కనీ యినుప కటకటాలు తుడుచుచు, స్విచ్చి బందయియే యున్నదని విని, మాలికలను విప్పబోయెను. మా తల్లిగారు ఆమె చేయి వారించిరి. “వెలుగున్న కాడ కరెంటు లేకపోతదా?” అని ఆమె యడిగిన ప్రశ్నకు ఫోనులో సమాధానము లేదు. విద్యుత్పనివానిని పిలిపించితిమి. అతడు టెస్టరును తీగకు తగిలింపగనే అందలి చిన్న దీపము వెలిగెను. అతడు పరీక్షించిన క్రమము చదువరుల కుపయోగపడునని యిట వ్రాయుచున్నాము.

మొదట స్విచ్చి యే తీగను త్రెంచుచున్నదో చూచెను. ఇంటికి వచ్చు తీగలలో ఫేజు ప్రాణము గలది, న్యూట్రలు తిరుగుదారి. స్విచ్చి ఫేజు మీదనే యుండవలెను. పనివాడు పొరపాటున న్యూట్రలు మీద పెట్టినయెడల, స్విచ్చి తీసినను దీపము దాక ఫేజు నిలిచియే యుండును. ఆరినట్లు కనబడు దీపమును ముట్టినవాని దేహమే అప్పుడు తిరుగుదారి కావచ్చును. న్యూట్రలు మీద ఒంటి స్విచ్చి కూడదని 1956 నాటి భారత విద్యుత్ నియమములలో 32వ నియమము విధించెను. తరువాత నియమావళి మారినది గాని యీ సూత్రము మారలేదు. మా యింట నిది సరిగానే యుండెను.

రెండవది పాత బోర్డు మీది మాలిక. అది మిణుగురువలె మసకగా వెలుగుచుండెను. ఫోను స్విచ్చి లోపల నొక చిన్న రేడియో కలదు. ఆజ్ఞ యెప్పుడు వచ్చునోయని అది నిత్యము మేలుకొని యుండవలెను. దానికి గూడ ఆహారము కావలెను. పాత బోర్డులలో, ముఖ్యముగా ప్లగ్గు లేనివానిలో, న్యూట్రలు తీగ యుండుట అరుదు. అట్టి చోట పెట్టు రెండు తీగల స్విచ్చి తన యాహారమును దీపము ద్వారానే లాగుకొనును. అనగా బందైనప్పుడును కొన్ని మిల్లీ ఆంపియర్ల విద్యుత్తు దీపములో పారుచునే యుండును. పూర్వపు 60 వాట్ల బల్బునకు 230 వోల్టుల వద్ద సుమారు 260 మిల్లీ ఆంపియర్లు కావలెను గనుక ఆ కొంచెపు పారుదల దానిని వెలిగింపజాలదు. ఎల్.ఇ.డి. దీపమునకు మాత్రము ఆ ఎంగిలి మెతుకులే చాలును. అది మసకగా వెలుగును, లేదా కొంతసేపు కూడబెట్టుకొని మిణుకుమని మరల ఆరును.

దీనిని కనుగొనుట కతడు చేసిన పరీక్ష మిక్కిలి సులభము. పాత జీరో బల్బు నొకదానిని మాలిక ప్రక్కనే జతచేసెను. పేరు జీరో యైనను అది పది పదిహేను వాట్లు త్రాగును. దానిని పెట్టినంతనే మాలిక చీకటియయ్యెను. పారుదల యంతయు ఆ బల్బు దారిని పోయెనన్న మాట. శాశ్వతమైన మందులు రెండు. దీపమునకు జంటగా అందులకై చేసిన కెపాసిటరును పెట్టుట యొకటి. బోర్డునకు న్యూట్రలు తీగ తెచ్చి, అది కోరు స్విచ్చిని బిగించుట రెండవది. మేము రెండవదానిని చేయించితిమి.

మూడవది నిండుగా వెలుగుచున్న మూడు మాలికల రోగము. ఆ స్విచ్చి లోపల రిలే యను చిన్న ఇనుప నాలుక యుండును. ఆజ్ఞ వచ్చినప్పుడు అది టక్కుమని అంటుకొనును, టక్కుమని విడును. ఎల్.ఇ.డి. అడాప్టర్లు వెలుగుకాలమున త్రాగునది స్వల్పమే యైనను, స్విచ్చి వేసిన క్షణమున దాని కనేక రెట్లు ఒక్క గ్రుక్కలో త్రాగును. మూడు మాలిక లొక్కసారి త్రాగినప్పుడు రిలే మొనల నడుమ రవ్వ పుట్టి, లోహము కరిగి, రెండును అతుకుకొనును. అటుపిమ్మట ఎన్ని యాజ్ఞ లిచ్చినను నాలుక విడదు. పనివాడు డబ్బీని వ్రేలితో మెల్లగా తట్టగా అది టక్కున విడి దీపములు బందయ్యెను. “బాగైందని నమ్మొద్దు సార్, మళ్ల అతుక్కుంటది” అని చెప్పి దానిని మార్చెను. డబ్బీ మీద వ్రాసిన పది ఆంపియర్లు బల్బులకును హీటర్లకును సరిపోవు లెక్క గాని, ఎల్.ఇ.డి. గుంపునకు సరిపోవునది కాదు.

నాలుగవ హేతువు రోగము కాదు, అమరిక. కరెంటు పోయి మరల వచ్చినప్పుడు ఏ స్థితిలో మేలుకొనవలెనో యీ స్విచ్చులకు ముందుగా చెప్పి యుంచవలెను. చెప్పనియెడల కొన్ని తమంత తామే వెలిగి కూర్చుండును. పట్టపగలు వెలుగు బాల్కనీ మాలికలలో ననేకమున కిదియే కారణము.

యంత్రము సంగతి యింతటితో ముగిసినది. గృహధర్మము మిగిలినది. గోడ మీది పాత స్విచ్చి యెవరి సొమ్మును కాదు. అవ్వ, బాలుడు, ఇంటిపని చేయు నామె, వచ్చిన బంధువు, అందరి వ్రేళ్లకును అది యొక్క తీరుననే లోబడును. ఫోను స్విచ్చి యొకరి జేబులో నుండును. ఇంటి వెలుగు మీది యధికార మొక చేతికి చేరినప్పుడు తక్కినవారు అడుగుకొనువా రగుదురు. వారి కంటిసాక్ష్యము గూడ తేలికయగును. స్త్రీలకును పనివారికిని చదువు రావలెనని, వారి మాటకు విలువ యుండవలెనని సభలలో పలుకు మనము, బాల్కనీలో దీపము వెలుగుచున్నదని వారు చెప్పినప్పుడు తెర చూపి నోరు మూయించుట తగునా? విద్యుత్తు చేత మొదట దెబ్బ తినువారు తడిగుడ్డ పట్టినవారే గాని ఫోను పట్టినవారు కారు.

క్రొత్త స్విచ్చులు కూడవని మా వాదము కాదు. మంచము దిగలేని వృద్ధులకును, చేతులాడని రోగులకును అవి గొప్ప యుపకారము. ఒక నియమము మాత్రము ప్రతి గృహస్థుడును పాటింపవలెను. ఫోను స్విచ్చి యెక్కడ పెట్టినను, దానికి ముందు చేతితో వేసి తీయు మామూలు స్విచ్చి యొకటి అందరి కందునట్లు ఫేజు మీద నుండవలెను. మాలికను కట్టునప్పుడును విప్పునప్పుడును ఫోను మాటను గాని, టెస్టరు వెలుగలేదను మాటను గాని నమ్మక, ప్లగ్గు ఊడదీయవలెను. ప్లగ్గు లేని చోట ఆ గది ఎం.సి.బి.ని దింపవలెను. ఆ ఎం.సి.బి. యేదో ఇంటిలోని ప్రతివారికిని, పనికి వచ్చువారికి సైతము, చూపి యుంచవలెను.

ఇప్పుడు మా యింట ఎం.సి.బి. పెట్టె మీద ఏది యే గదిదో తెలుగున వ్రాసి అంటించితిమి. చదువురాని వారికై ప్రక్కన బొమ్మలు గీసినది మా తల్లిగారు. బాల్కనీ మీటకు ఆమె యొక ప్రమిదను గీసినారు.