వేగం - నిగ్రహం

‘ఆలస్యం అమృతం విషం’ అంటుంది ఒక సామెత. ‘నిదానమే ప్రధానం’ అంటుంది మరొకటి. వీటిలో దేనిని పాటించాలన్న సందేహం లోకవ్యవహారంలోనే కాదు, రసాయనశాలలోనూ తలెత్తుతుంది.

మోనోమర్లనే చిన్న అణువులను వరుసగా కూర్చి, పాలిమర్ అనే పొడవైన గొలుసును నిర్మించడం ఒక విద్య. మాలలన్నీ ఒకే నిడివిలో ఉండాలని మాలాకారుడు కోరుకున్నట్లే, గొలుసులన్నీ సమానంగా ఉండాలని శాస్త్రజ్ఞులు ఆశిస్తారు. పాలిమర్ గుణాలు ఆ నిడివిని బట్టి మారుతాయి. 1956లో మైఖేల్ ష్వార్ట్స్ ‘సజీవ పొలిమరీకరణం’తో ఇందుకు మార్గం చూపాడు. ఈ విధానంలో గొలుసు కొన నిర్జీవం కాదు. మోనోమర్ అందుతున్నంతకాలం పెరుగుతూనే ఉంటుంది. అయితే ఇటువంటి చర్యలలో అనేకం గంటల తరబడి సాగుతాయి.

ఈ జాప్యానికి విరుగుడు వంటింటి మైక్రోవేవ్ ఓవెన్‌లో దొరికింది. 1986లో రెండు పరిశోధక బృందాలు వేర్వేరుగా అందులో రసాయన చర్యలు జరిపి, గంటల పని నిమిషాల్లో ముగుస్తుందని ప్రకటించాయి. మామూలు పొయ్యి వేడి పాత్ర గోడల నుంచి లోపలికి పాకుతుంది. మైక్రోవేవ్‌లో విద్యుత్ క్షేత్రం సెకనుకు 245 కోట్ల ఆవర్తనాలతో దిశ మారుస్తుంది. దానిని అనుసరించబోయే ధ్రువ అణువులు ఒరుసుకొని, ద్రవాన్ని లోపలి నుంచే వేడెక్కిస్తాయి.

నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో ఉల్రిచ్ షూబర్ట్ బృందం 2000ల దశకంలో ఆక్సజోలిన్లనే మోనోమర్లపై ఈ పద్ధతిని ప్రయోగించింది. ద్రావణిగా వాడిన అసిటోనైట్రైల్ 82 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతుంది. మూత బిగించిన పాత్రలో పీడనం పెరగడం వల్ల దానిని 200 డిగ్రీల దాకా వేడిచేయగలిగారు. చర్యావేగం వందల రెట్లు పెరిగింది. అయినా వారు అనువైనదిగా ఎంచుకొన్నది 200 కాదు, 140 డిగ్రీలు. వేడి మితిమీరితే అవాంఛిత చర్యలు తలెత్తి గొలుసుల సమానత చెడుతుంది.

ఈ వేగం తరంగాల మహిమేనా? ఆ బృందమే అదే ఉష్ణోగ్రతను మామూలు పద్ధతిలో, పీడనం కింద కల్పించి చూసింది. వేగం మారలేదు. మహిమ తరంగానిది కాదు, ఉష్ణోగ్రతది! అంతమాత్రాన మైక్రోవేవ్ విలువ తగ్గలేదు. కోరిన వేడిని క్షణాల్లో, సమంగా అందించడమే దాని ప్రయోజనం.

వింతను చూసి మురిసిపోవడంతో వారు ఆగలేదు, కొలిచి చూశారు. అందువల్లే సత్యం తెలిసింది. ఎంత వేగం సాధ్యమో తెలుసుకొని, ఎక్కడ ఆగాలో నిర్ణయించుకోవడమే వివేకం. అప్పుడు ఆ రెండు సామెతలకూ వైరం ఉండదు.