కారణాన్వేషణం

నెల్లూరు నుండి తూర్పుగా 20 కిలోమీటర్లకు పైగా ప్రయాణిస్తే మైపాడు సముద్రతీరం చేరుకుంటాం. దారి పొడవునా వరిమళ్ళు, కొబ్బరితోటలు, రొయ్యల చెరువులు కనిపిస్తాయి. బకింగ్‌హాం కాలువ సమీపించేసరికి గాలిలో ఉప్పుదనం తెలుస్తుంది. ఆ గాలి మనుషులకు హాయి గొలుపుతుంది కాని, ఇనుముకు మాత్రం బద్ధశత్రువు. తలుపు గొళ్ళాలు, సైకిలు చువ్వలు, బావి గిలకలు అక్కడ త్వరగా తుప్పు పడతాయి. అటువంటి తీరగ్రామంలో మా నాన్నగారు మాకు మిగిల్చి వెళ్ళిన అంబాసిడర్ కారు ఉంది.

బ్రిటన్‌కు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారును ఆధారంగా చేసుకొని, హిందుస్థాన్ మోటార్స్ సంస్థ పశ్చిమబెంగాల్‌లోని ఉత్తరపారాలో అంబాసిడర్‌ను తయారుచేసింది. 1950ల చివర మొదలైన ఆ ఉత్పత్తి 2014లో ఆగిపోయింది. మంత్రుల వాహనశ్రేణి నుండి పెండ్లి ఊరేగింపు దాకా ఆ కారు చూడని వైభవం లేదు. అయితే మా అమ్మ దృష్టిలో దాని గొప్పతనం వేరు. మోకాళ్ళ నొప్పులతో బాధపడే ఆమె ఎక్కువగా వంగకుండా ఎక్కి కూర్చోగలిగిన కారు అదొక్కటే. నెలకొకసారి నెల్లూరులోని వైద్యుని వద్దకు ఆమె ప్రయాణం అందులోనే.

కొంతకాలం క్రితం దాని కార్బురేటర్ అరిగిపోగా, పట్టణంలోని ఒక షెడ్డులో మరొకటి బిగించారు. నాటి నుండి కొత్త బాధ ఆరంభమైంది. యాక్సిలరేటర్ మీద కాలు తీసినా ఇంజన్ వేగం తగ్గదు. నిలకడగా ఉన్నప్పుడు నిమిషానికి సుమారు 700–800 చుట్లు తిరగవలసినది, అంతకు రెట్టింపుగా గర్జిస్తుంది. గేరు వేయగానే కారు ముందుకు దూకుతుంది. చేపల గంపలతో స్త్రీలు, ఆటలాడే పిల్లలు తిరిగే ఇరుకు వీథులలో అది ఎంత ప్రమాదమో వేరుగా చెప్పనక్కరలేదు. “తుక్కుకు ఇచ్చేద్దాం అన్నయ్యా” అన్నాడు మా తమ్ముడు. అమ్మ ఏమీ అనలేదు. ఆ నెల వైద్యుని వద్దకు రానని మాత్రం చెప్పింది.

కార్బురేటర్ చేసే పని చిత్రమైనది. ఇంజన్ లోపలికి పీల్చుకొనే గాలి దాని ఇరుకైన కంఠం గుండా వేగంగా సాగుతుంది. వేగం పెరిగినచోట పీడనం తగ్గుతుంది. ఆ తగ్గుదల వల్ల పెట్రోలు సన్నని రంధ్రం గుండా పైకి వచ్చి గాలితో కలుస్తుంది. తూకంలో ఒక పాలు పెట్రోలుకు దాదాపు పదునైదు పాళ్ళ గాలి కావాలి. గాలిని అదుపు చేయటానికి లోపల ఒక పలుచని రేకు ఉంటుంది. మనం కాలు తీయగానే అది దాదాపు మూసుకొని, వేగం తగ్గాలి. తగ్గలేదంటే రెండే అవకాశాలు: ఆ రేకు మూసుకోకపోవటం, లేదా గాలి మరొక దారిన ప్రవేశించటం.

మా ఊరికి సమీపంలో ఒక వృద్ధ మేస్త్రి ఉన్నారు. “ఒక్కొక్కటే చూద్దాం అయ్యవారూ. రెండు ఒకేసారి మారిస్తే మూలమేదో తెలియదు” అన్నారాయన. మొదట యాక్సిలరేటర్ తీగను విడదీశారు. మార్పు లేదు. చోక్ పూర్తిగా వెనుకకు వచ్చిందో లేదో చూశారు. వచ్చింది. వేగాన్ని నిర్ణయించే మరను రేకు పూర్తిగా మూసుకొనే దాకా విప్పారు. అయినా గర్జన ఆగలేదు. అప్పుడు గాలి వడపోత డబ్బా తీసి, కార్బురేటర్ నోటిని అరచేతితో మూశారు. ఆరిపోవలసిన ఇంజన్ ఆరలేదు! దొంగదారి మరెక్కడో ఉన్నదని తేలిపోయింది.

తరువాత కార్బురేటర్ అడుగున, ఇంజన్‌తో కలిసేచోట, చుట్టూ కొద్దికొద్దిగా ఇంజన్ ఆయిలు వేస్తూ వచ్చారు. ఒక మూలకు చేరగానే వేగం హఠాత్తుగా తగ్గింది. ఆయిలు ఆ సందును క్షణకాలం పూడ్చిందన్నమాట. విప్పి చూస్తే, నట్లు అతిగా బిగించటం వల్ల అడుగుభాగం వంగి ఉంది. ఆ సందులో గాలి చొరబడి మిశ్రమం పలుచబడగా, లోటు తీర్చటానికి షెడ్డులో పెట్రోలు ఎక్కువ వచ్చేటట్లు మర తిప్పారు. అధికమైన గాలికి అధికమైన పెట్రోలు తోడై వేగం పెరిగింది.

మేస్త్రి గాజుపలక మీద ఎమరీ కాగితం పరచి, ఆ అడుగుభాగాన్ని సమమయ్యేదాకా రుద్దారు. కొత్త గ్యాస్కెట్ కత్తిరించి అమర్చి, నట్లను వంతులవారీగా బిగించారు. మర విప్పి ఉండగా ఇంజన్ వెంటనే ఆరిపోయింది. “ఇప్పుడు బాగుపడింది” అన్నారాయన. ఆ పిదప పెట్రోలును సరిచేసి, మరను తగినంత తిప్పగానే ఇంజన్ మెల్లగా, నిలకడగా పాడసాగింది.

మన తార్కికులు దీనినే అన్వయ వ్యతిరేకాలన్నారు. ఒకటి ఉన్నప్పుడు మరొకటి ఉండటం అన్వయం; అది లేనప్పుడు ఇదీ లేకపోవటం వ్యతిరేకం. రెండూ పరీక్షించినప్పుడే కార్యకారణ సంబంధం స్థిరపడుతుంది. గ్రంథాలలో నేను చదివిన ఆ పద్ధతిని మేస్త్రి అరచేతితో, నాలుగు చుక్కల ఆయిలుతో నిరూపించారు. నెల్లూరుకు కీర్తి తెచ్చిన తిక్కన మహాకవి తన భారత రచనను విరాటపర్వంతో ప్రారంభించాడు. అందులో రాజపుత్రుడైన నకులుడు దామగ్రంథి పేరుతో అశ్వశాలలో సేవచేస్తాడు. వాహన సంరక్షణ చిన్నపని కాదు.

నేటి కార్లలో కార్బురేటర్ లేదు. పెట్రోలు కొలతను కంప్యూటరే చూసుకొంటుంది. లోపం ఉంటే సంకేతమూ ఇస్తుంది. కాని ఆ సంకేతం సాధారణంగా లక్షణాన్ని చెబుతుందే గాని, మూలాన్ని వెదకే శ్రమ మనిషికి తప్పదు. విద్యార్థులారా! లెక్క తప్పినా, యంత్రం చెడినా, స్నేహం బెసికినా, తొందరపడి అన్నిటినీ ఒకేసారి మార్చకండి. ఒక్కొక్కటిగా పరీక్షించండి. పారవేయదలచిన వస్తువు వెనుక దానిని నమ్ముకున్న మనిషి ఉండవచ్చు. మరుసటి నెల మా అమ్మ వైద్యుని వద్దకు వెళ్ళివచ్చింది.