ఉప్పాడ: కోతబడుచున్న తీరము

కాకినాడనుండి కుడిచేతివైపు సముద్రము వెంటరాగా ఉత్తరముగా సాగు బాటలో ఉప్పాడ చేరువయగుకొలది, బాటకును కెరటమునకును నడుమ రాళ్ళగుట్ట తప్ప మరేమియు మిగులకుండుట చూపరులకు మొదట వింతగాను, పిదప భయముగాను తోచును.

పిఠాపురమునకు చేరువనున్న ఈ గ్రామమునకు దేశమంతట పేరు తెచ్చినది జాంధానీ చీర. గుంటమగ్గము చెంత ఇద్దరు నేతగాండ్రు ప్రక్కప్రక్కన కూర్చుండి, పడుగులో చిన్న కండెలతో జరీని చేతితోనే చొప్పించుచు బుటాను పెంచుదురు. చీరను తిరగవేసి చూచినను వ్రేలాడు పోగొక్కటి కానరాదు. ఈ నేర్పునకు 2009లో భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. ఆ మగ్గములకు అంత దూరమున లేని జాలరుల యిండ్లు ఒక్కటొక్కటిగా కడలిపాలగుచుండుట మాత్రము లోకమునకు తుపాను నాటి వార్తగానే మిగిలినది.

ఇది తుపానుల పని మాత్రమే కాదు. నైరుతి ఋతుపవనకాలమున కెరటములు తీరమును ఏటవాలుగా తాకి, గోదావరి తెచ్చిన యిసుకను ఉత్తరమునకు నెట్టుకొనిపోవుట ఈ తీరమునకు సహజధర్మము. ఆ యిసుకయే కాకినాడ యెదుట సుమారు 16 కిలోమీటర్ల పొడవున హోప్ ఐలాండ్ అను దిబ్బగా పేరుకొని, రేవునకు పెట్టనికోటయైనది. రేవునకు మేలుచేసిన యా దిబ్బయే ఉప్పాడకు చేరవలసిన పాలును తనయందు నిలుపుకొన్నది. ఎగువ జలాశయములు ఒండ్రును పట్టియుంచుటచే నది తెచ్చునదియు తగ్గినది. రాబడి తగ్గినను వ్యయము తగ్గని సంసారమువలె తీరము చిక్కిపోవుచున్నది.

బాటను కాపాడుటకై ఇసుక నింపిన జియోట్యూబులు పరచి, రాళ్ళు పేర్చి, గోడ కట్టిరి. గోడను తాకి మరలు కెరటము అడుగునున్న యిసుకను త్రవ్వుకొనిపోవుటయు, గోడ ముగిసినచోట కోత హెచ్చుటయు ఇట్టి కట్టడములకు గల స్వభావమే. ఈ తీరపు పల్లెలైన సుబ్బంపేట, సూరాడపేట, మాయాపట్నము, కోనపాపపేటలలో వాయుగుండమును, అమావాస్య పోటును కూడివచ్చినచో ఆ రాత్రి ఎవ్వరికిని కంట నిద్దుర యుండదు. తొలుత పునాదిక్రింది యిసుక జారును. పిమ్మట అరుగు వంగును. గోడ వ్రాలకమునుపే తలుపులును, కప్పు రేకులును ఊడదీసి దాచుకొనుట అచ్చటివారు నేర్చిన జాగ్రత్త.

దూరముగా స్థలములిచ్చి పొండనుట సులభము. కాని జాలరికి తీరము నివాసము మాత్రమే కాదు. పడవ నొడ్డునకు లాగుటకును, వలలు ఆరవేయుటకును, ఆడువారు చేపలు ఎండబెట్టుటకును వలయు కార్యస్థలము. ఇల్లు పడిన పిదప బియ్యము పంచుట సాయమే యైనను, రక్షణ కాదు. ఎచ్చట గోడ నిలుచునో, ఎచ్చట నిలువదో నిజము చెప్పి, నిలువనిచోటి కుటుంబములకు ఇండ్లు కూలకమునుపే, పడవ చెంతకు నడచిపోగల దూరమున, పట్టాతో కూడిన స్థలము ప్రభుత్వము చూపవలెను.