నేలలోని గురుతులు

జనకమహారాజు యజ్ఞభూమిని దున్నుచుండగా నాగటిచాలున సీతాదేవి లభించెనని మనము చిన్ననాటినుండియు వినుచున్నాము. సగరపుత్రులు యజ్ఞాశ్వమును వెదకుచు భూమినెల్ల త్రవ్వి, తుదకు బూడిదకుప్పలైరనియు వినుచున్నాము. మా నాయనగారు మాకు ఇంటివద్ద రామాయణము చెప్పునపుడు, ఈ రెండు కథలును బాలకాండములోనివే యని చూపి, "త్రవ్వుట రెండు విధములమ్మా. చూచుచు త్రవ్వుట యొకటి, చూడక త్రవ్వుట యొకటి" యనెడివారు. ఆ మాటకు అర్థము గడచిన వేసవిలోగాని మాకు బోధపడలేదు.

మా పుట్టినిల్లు పల్నాటిసీమలో నొక చిన్నయూరు. మేనరికమగుటచే మా అమ్మగారికి పుట్టినిల్లును మెట్టినిల్లును ఆ యూరే. ఊరికి పడమట మెరకమీద రెండెకరముల చేను ఆమెకు పసుపుకుంకుమల క్రింద వచ్చినది. ఆమె గతించిన పిమ్మట అది అన్నగారికిని మాకును ఉమ్మడి యయ్యెను. ఆ చేనిలో మూరెడు మన్ను తీసినచో క్రింద ఎఱ్ఱని గులకమన్ను కలదు. మా యూరివారు దానిని గ్రావెలందురు. బాటలు వేయుటకును, ఇండ్లస్థలములు మెరక చేయుటకును నేడు దానికి మిక్కిలి గిరాకి. రెండేండ్లు వరుసగా మిరపతోట దెబ్బతినుటచే అన్నగారు అప్పులపాలై యుండిరి. ప్రక్కచేనిని త్రవ్వుచున్న గుత్తదారు మా చేనికిని బేరమాడెను. కాగితముపై మా వ్రాలు కూడ కావలయును. వేసవి సెలవులకు పోయినపుడు వ్రాలుచేసి వత్తమనుకొంటిమి.

మావారు పాఠశాలలో చరిత్ర చెప్పుదురు. ప్రయాణమునకు కొలదిదినముల ముందు వారు ఇంగ్లండులోని మకింగ్ అను గ్రామమునుగూర్చిన గ్రంథమొకటి తెచ్చి, రాత్రి భోజనములైన పిదప మాకు తెలుగున విప్పి చెప్పుచుండిరి. మేము బియ్యమేరుకొనుచు వినుచుంటిమి.

మకింగు లండను నగరమునకు తూర్పున, థేమ్సునది సముద్రమున కలియబోవుచోట, ఎస్సెక్సు మండలములో నున్నది. పూర్వకాలమున నది తెచ్చిపోసిన గులకరాళ్ళ మెరక యది. గులకనేల నీటిని నిలువనీయదు, నాగటికి సులువుగా లొంగును, ఏటికి దగ్గరయైనను వరదకందదు. కనుక తొలినాటి సేద్యగాండ్రు అట్టినేలనే కోరుకొనిరి. నేడు కాంక్రీటు పోయువారికిని ఆ గులకయే కావలయును. రెండవ ప్రపంచయుద్ధానంతరము ఇండ్లును బాటలును కట్టుకొను తొందరలో, ఇంగ్లండున నదీతీరపు గులకమెరకలు మిక్కిలి వేగముగ తఱిగిపోజొచ్చెను. వానితోపాటు పూర్వుల గురుతులును పోవుచుండెను. 1960లో అచ్చటి చారిత్రక కట్టడముల రాయల్ కమిషనువారు ఈ నష్టమునుగూర్చియే యొక పుస్తకమును ప్రకటించిరి.

అంతకు ముందటియేడు, 1959లో, సెయింట్ జోసెఫ్ అను పండితుడు విమానమునుండి మకింగు పొలములకు ఛాయాచిత్రము తీసెను. పైరులో వలయములును గీతలును కనబడెను. దీనికి కారణము విచిత్రమైనది గాదు. ఎవరో ఎన్నడో త్రవ్విన కందకము పూడిపోయినను, అందు చేరిన మెత్తనిమన్ను చుట్టునున్న గులకకంటె తేమను ఎక్కువకాలము నిలుపుకొనును. ఎండలు ముదిరి చుట్టుపట్ల పైరు పసుపువారునపుడు దానిపై పైరు మాత్రము పచ్చగా, ఏపుగా నిలుచును. పెరటిలో పాత పెంటగుంటను పూడ్చినచోట తోటకూర బలిసి పెరుగుట మనమందరము చూచినదే గదా! అదియు నిదియు నొక్కటే.

1965లో మార్గరెట్ జోన్సు అను నామె, భర్తయగు టామ్ జోన్సుతో కూడి, అచ్చట త్రవ్వకము నడప మొదలిడిరి. వెనుకనుండి గులకతీయు యంత్రములు వచ్చుచుండగా, వానికి ముందుగా పైమన్ను తీయించి, కనబడిన ప్రతి మచ్చను కొలిచి, పటము గీసి, అంకె వేసి, పిమ్మట త్రవ్వి చూచిరి. 1978వరకు పదమూడేండ్లు, వేసవియనక చలికాలమనక పని సాగెను. వేలకొలది విద్యార్థులును స్వయంసేవకులును వచ్చి చేయివేసిరి. చూచిన నేల సుమారు 45 ఎకరములు.

అచ్చట దొరికినవి బంగారపు బిందెలు కావు. సుమారు మూడువేల యేండ్లనాటి కంచుయుగపు వలయకందకము, ఇనుపయుగపు గుండ్రని యిండ్లజాడలు నూటికి పైగా. ఇండ్లనగా గోడలు కావు సుమా! చూరునీరు పోవుటకు ఇంటిచుట్టు త్రవ్విన సన్నని కాలువ మాత్రమే పూడి, వలయమై నిలిచినది. క్రీ.శ. 43లో రోమనులు బ్రిటనును ఆక్రమించిన పిదపటి పొలముల హద్దుకాలువలు, బావులు, కుమ్మరి ఆవములు, శ్మశానములు వాని సరసనే కనబడెను. రోమనుల యేలుబడి ముగిసిన పిదప వచ్చి చేరిన సాక్సనులు నేలను కొంత లోతు త్రవ్వి పైన కప్పువేసికొన్న గుడిసెల జాడలు రెండువందలకు పైగా నుండెను. మగ్గమున పడుగు బిగువుగ నిలుచుటకు వ్రేలాడగట్టు మట్టిగుండ్లు కూడ దొరికెను. ఒకే మెరకమీద ఇన్నియుగములవారు దున్ని, వండి, నేసి, పిల్లలను పెంచి, పోయిరి.

ఇట్టి త్రవ్వకములలో గింజల నెట్లు గుర్తింతురో మావారు చెప్పగా మాకు మిక్కిలి నచ్చినది. పచ్చిగింజ మట్టిలో కుళ్ళిపోవును. పొయ్యివద్ద పొరబాటున మాడిన గింజ బొగ్గై, రెండువేల యేండ్లకును చెడక నిలుచును. గుంటలోని మట్టిని నీటిలో కలిపినచో ఆ బొగ్గుగింజ పైకి తేలును. దానిని సన్నని జల్లెడ పట్టి, ఏ ధాన్యమో తెలిసికొందురు. రోమనులనాడు దక్షిణ బ్రిటనులో నెక్కువగ పండించినది స్పెల్టు అను గోధుమ యని యట్లు తేలినది. వడ్లకువలె దానికిని పొట్టు గట్టిగ నంటియుండును. గింజ మాడ్చినందుకు ఆనాటి యిల్లాలు ఎన్ని మాటలు పడెనో! ఆమె పొరబాటే నేడు చరిత్రమై నిలిచినది.

ఈ సంగతులు మనస్సున నుండగానే అన్నగారింటికి చేరితిమి. మూడవనాటి సాయంకాలము మా అమ్మాయి పరుగున వచ్చి, "అమ్మా! మన చేలో ఎఱ్ఱమన్నులో నల్లచందమామ ఉంది, రా!" అని కొంగు పట్టి లాగెను. టిప్పర్లు తిరుగుటకు దారికై మా చేని యంచున పైమన్ను గీచియుండిరి. ఎఱ్ఱని నేలపై రెండుమూరల వెడల్పున, దిద్ది తీర్చినట్లు గుండ్రని నల్లమచ్చ యొకటి కనబడెను. మావారు వంగి చూచుచు మాటలేక నిలిచిరి. ఇంతలో మా యింట చిన్ననాటినుండి పనిచేసిన ముసలి పాలేరు వచ్చి నవ్వెను.

"అది మీ అమ్మమ్మగారి జొన్నపాతర అమ్మాయిగారూ! నేను పసివాడిగా ఉన్నప్పుడు తీశారు."

పాతర యను మాట మేము విననిది కాదు. చూచినదియు కాదు, అడిగినదియు కాదు. ఆతడు గట్టుమీద కూర్చుండి చెప్పెను. నీరూరని గట్టిమెరక చూచి, మూతి యిరుకుగా, కడుపు వెడల్పుగా గుంట త్రవ్వెడివారట. లోపల మంటవేసి చెమ్మ ఆర్చి, అడుగునను ప్రక్కలను గడ్డి పఱచి, జొన్నలు పోసి, పైన మరల గడ్డివేసి, బండతో మూసి మట్టితో మెత్తెడివారట. మూత తీసిననాడు ఎవ్వరును దిగరాదు. మా అమ్మమ్మగారు త్రాటికి దీపము కట్టి తామే లోపలికి దించెడివారట. దీపమారినచో, "ఇంకా ఊపిరి రాలేదు, ఆగండి" అనెడివారట. ఆమె సరేయనువరకు ఎంతటి మగవాడైనను పాతరలో కాలుపెట్టరాదు.

మావారు విస్మయమంది, ఇంగ్లండున ఇనుపయుగపు పల్లెలలోను అట్టి పాతరలే యుండెననిరి. 1972లో నెలకొల్పిన బట్సరు ప్రయోగక్షేత్రములో పీటర్ రేనాల్డ్సు అను నాతడు అట్టివి త్రవ్వి, ధాన్యము నింపి పరీక్షించెనట. గోడల చెమ్మకు అంచులనున్న గింజలు మొలకెత్తి, లోపలి ప్రాణవాయువును పీల్చి బొగ్గుపులుసు గాలిని విడుచును. ఆ గాలిలో తక్కిన గింజ చెడక నిద్రించును. ముసలివాడంతయు విని, "ఆ సంగతి దీపమే చెప్పేది గదండీ!" అనెను.

ప్రొద్దు గ్రుంకుచుండెను. ఇంట చుట్టములు వచ్చియుండిరి. మరునాడు ఉదయమున వచ్చి కొలిచి, అడుగున మాడిన గింజలేమైన మిగిలెనేమో చూతమని, యంత్రము నడపువానితో ఆ చోటు ముట్టవద్దని చెప్పి యింటికి పోతిమి. ఆతడు తల యూపెను. తెల్లవారి పోయి చూడగా మచ్చ లేదు, దానిచుట్టునున్న నేలయును లేదు. రాత్రియే లోడు చేసి తోలివేసిరి. నిలువెత్తు ఎఱ్ఱని గోడ మాత్రము నున్నగా తెగి నిలిచియుండెను. ఎవరిని నిందింతుము? మార్గరెట్ జోన్సు పదమూడేండ్లు నిలిచిరి. మేము పదమూడు గంటలు నిలువలేకపోతిమి.

ఆ మధ్యాహ్నము మేము వ్రాలు చేయమంటిమి. అన్నగారు కోపింపలేదు. "చెల్లీ! పాతర పోయిందని నీకు బాధ. వడ్డీ ఆగదని నాకు బాధ. అమ్మ ఉంటే ఏం చేసేదో నువ్వే చెప్పు" అనిరి. ఆ మాటకు మావద్ద ఉత్తరము లేదు. మిరపచేను పోగొట్టుకొన్నవారికి చరిత్రము చెప్పి అప్పు తీర్పలేము. మకింగులో మాత్రము గులకతీయుట ఆగినదా? లేదు. త్రవ్వక ముందు చూచిరి, చూచినది వ్రాసిరి. ఇంగ్లండున 1990లో వెలువడిన ప్రభుత్వపు సూచనల మూలమున, నేలను త్రవ్వుటకు అనుమతి వేడువారు అందలి పూర్వచిహ్నములను ముందుగా పరిశీలింపజేసి, ఆ వ్యయమును తామే భరించు పద్ధతి నెలకొన్నది.

తుదకు మేమొక కట్టడి చేసికొంటిమి. ఉత్తరపు టెకరము త్రవ్వుకొనవచ్చును. కళ్ళమున్న దక్షిణపు టెకరమును ముట్టరాదు. రాత్రులు యంత్రము తిరుగరాదు. పైమన్ను గీచిన పిదప మూడుదినములు ఆగవలయును. గుత్తదారు గొణిగెను గాని, కాగితముపై ఈ మాటలు వ్రాయించినగాని మేము వ్రాలు చేయలేదు.

ఆ మూడుదినములును మావారును, మేమును, పిల్లలును, ముసలి పాలేరును కొలత టేపుతో ఎండలో తిరిగితిమి. దొరికినవి స్వల్పము. బూడిదమచ్చలు రెండు, విరిగిన తిరుగలిరాయి యొకటి, పూడిన గుంజగుంటల వరుస యొకటి. గుంజలు పశువుల పాకవని ముసలివాడనెను. అన్నిటిని నోటుబుక్కులో గీసి, ప్రక్కన కొలతలు వేసితిమి. నాలుగవనాడు ఆ నేల టిప్పర్లలో పోయినది. అన్నగారి బాకీలో సగము తీరినది.

మకింగు మెరకయు నేడు లేదు. గులక పోయినది, గొయ్యి మిగిలినది. దొరికిన వస్తువులు బ్రిటిషు మ్యూజియములో భద్రముగ నున్నవి. టామ్ జోన్సు 1993లోను, మార్గరెట్ 2001లోను గతించిరి. వారు వ్రాసియుంచిన పుటలను ఆధారము చేసికొని పండితులు 2016వరకు సంపుటములను వెలువరించుచునే యుండిరి. నేల పోయినను వ్రాత నిలిచినది.

సోదరీమణులారా! మన యిండ్లలో పాతర తీసినవారు, దీపము దించినవారు, ఏ చేనిలో ఏ బావి పూడినదో యెఱిగినవారు ఇంకను కొందఱున్నారు. వారిని నేడే అడిగి, పిల్లల పాత నోటుబుక్కులోనైన వ్రాసికొనుడు. మేము మా అమ్మగారి ప్రక్కన ముప్పదియేండ్లు కూర్చుండియు, ఒక్కనాడైన ఆ చేనిని గూర్చి యడుగలేదు.

మా పుస్తకములో ప్రతి గుఱుతునకును సరియైన కొలత కలదు. మొదటి పుటలోని వలయమునకు మాత్రము లేదు. దానిని తలచుకొని గీసి, ప్రక్కన "సుమారు రెండు మూరలు" అని వ్రాసితిమి.