ఒకే మానిక, రెండు కొలతలు

లాలాపేట్‌లో నలుగురం ఒకే గదిలో ఉంటున్నాం. ఊరి నుంచి తెచ్చుకున్న చోడిపిండితో రోజూ అంబలి కాస్తాం. అదే గ్లాసు, అవే నీళ్లు. అయినా ఒకరోజు గట్టిగా, ఒకరోజు పలచగా వచ్చేది. నెలకని తెచ్చిన పిండి ముందే అయిపోయేది.

తేడా అంతా పోసే తీరులో ఉంది. డబ్బాలో ముంచి, తట్టి తీస్తే పిండి అణిగి గ్లాసులో ఎక్కువ పడుతుంది. జల్లించి వదులుగా పోస్తే తక్కువ. ముసురుకి ఉండకడితే మధ్యలో ఖాళీలు. తూటాల్లో మందు నింపేవాళ్లు కూడా కొలతనే నమ్ముకోరు, మధ్యమధ్య తూచి చూస్తారు. అక్కడ తేడా వస్తే ప్రాణం మీదికే! మేమిప్పుడు వదులుగా పోసి, స్కేలుతో అంచు గీస్తాం. అప్పుడప్పుడు చిన్న కాటా మీద సరిచూస్తాం.

మన సంతల్లో జరిగిందీ ఇదే కదా. మన రాజ్మా కొనేటప్పుడు షావుకారు మానికను కుదిపి, గోపురంలా నింపుతాడు. మనకి అమ్మేటప్పుడు వేలితో అంచు గీస్తాడు. 1956లో జీసీసీ పెట్టింది ఇలాంటి దోపిడీని ఆపడానికే. ఈసారి ఊరెళ్తే సంతలో అమ్మ పక్కన నిలబడండి. మానిక వద్దు, కాటా మీద పెట్టమనండి. ఎలక్ట్రానిక్ కాటాకి తూనికల శాఖ ముద్ర ఏటా పడాలి, అది ఏ ఏడాదిదో చూడండి.