నాన్న వానల పుస్తకం

మా నాన్న వ్యవసాయదారు. ముప్ఫై ఏళ్ళపాటు పెరట్లో రెయిన్‌గేజ్ పెట్టి, ఏ కార్తెలో ఎన్ని మిల్లీమీటర్ల వాన పడిందో నోటుపుస్తకంలో రాసుకున్నారు. 2014లో ఆ అంకెలన్నీ కంప్యూటరుకెక్కించి, పైథాన్ భాషకున్న మాట్‌ప్లాట్‌లిబ్‌తో పటం గీద్దామని కూర్చున్నాను. ఏడాదికొక గీత, అడుగున నెలలకు బదులు కార్తెలు.

ఈ లైబ్రరీకి శ్రీకారం చుట్టిన జాన్ హంటర్ నాడీశాస్త్రవేత్త. మూర్ఛరోగుల మెదడులోని విద్యుత్సంకేతాలను తెరమీద చూసుకోవడానికి రాసుకున్నదాన్ని 2003లో అందరికీ పంచాడు. 2012లో ఆయన కన్నుమూసేనాటికి అది ఎందరో శాస్త్రజ్ఞుల నిత్యావసరం.

అంతటి పనిముట్టుకూ మన లిపి కొరుకుడు పడలేదు. మొదట అన్నీ డబ్బాలే. (మనకు డబ్బాలు కొత్తవా!) దాని సొంత ఫాంటులో తెలుగు లేదని గ్రహించి పోతనను చూపించాను. డబ్బాలు పోయాయి గాని, హస్త కాస్తా "హస్‌త" అయింది. స్వాతి "స్‌వాతి" అయింది. అప్పటి కూర్పు ఒక్కో యూనికోడు సంకేతానికి ఒక్కో బొమ్మ చొప్పున వరుసగా పేర్చుకుపోయేది. పొల్లు తరువాత వచ్చే హల్లు వత్తుగా మారాలన్న సంగతి దానికి పట్టలేదు. ఆ సూత్రాలు ఫాంటులో భద్రంగానే ఉన్నాయి, అడిగేవాడుండాలి కదా!

రెండు రాత్రులు పెనుగులాడాక దొరికిన ఉపాయం ఒక్క వరుస. పటాన్ని ఎస్‌వీజీగా భద్రపరిచేటప్పుడు అక్షరాలను గీతలుగా మార్చక, పాఠ్యంగానే ఉంచమనడం. వత్తులు పెట్టే పని బ్రౌజరు చూసుకుంది.

నాన్న కళ్ళద్దాలు సవరించుకుని కార్తెలన్నీ పైకి చదివారు. తరువాత వేలు 1994 గీత మీదికి వెళ్ళింది. అది పుబ్బ దగ్గర తెగి, స్వాతి దగ్గర మళ్ళీ మొదలవుతుంది. పుస్తకంలో ఉత్తర, హస్త, చిత్త గళ్ళు ఖాళీ. సున్నా వేస్తే వాన పడలేదని అబద్ధమాడినట్లే. అందుకని అక్కడ అంకె లేదని మాత్రం తెలిపాను. అలాంటిచోట మాట్‌ప్లాట్‌లిబ్ అటూ ఇటూ చుక్కలను కలపదు.

"ఇక్కడ తెగిందేమిరా?"

"మీరు రాయలేదు నాన్నా."

కాసేపు అలాగే చూశారు. "వాన పడింది. బాగానే పడింది. అప్పుడు మీ అమ్మ ఆసుపత్రిలో ఉంది."

కలిపెయ్యమంటారా అని అడిగాను. వద్దన్నారు.